ఆటలో అక్షరాభ్యాసం

(ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆటలు - బాలల వికాసం" అనే విషయాన్ని గురించి మాట్లాడవలసినదిగా నిర్వాహకులు కోరారు. వినడానికి ఇది వేడుకైన విషయంగా తోస్తుంది. కాని పిల్లల దినచర్యను ఒకసారి పరికించండి. ఉదయం బడి, సాయంకాలం ట్యూషన్, రాత్రి హోంవర్కు, మిగిలిన కొద్ది వ్యవధిలో సెల్‌ఫోను. టైంటేబిల్లో "ఆటలు" అని వ్రాసి ఉన్న పీరియడులో మిగిలిపోయిన సిలబసును పూర్తి చేయడం అనేక పాఠశాలల్లో ఆనవాయితీ అయినది. ఆట చదువుకు అడ్డమనే భావనయే దీనికి మూలం. ఆ భావన సరికాదని నా మనవి. ఏ ఆట ఏమి నేర్పుతుంది, ఎలా ఆడిస్తే నేర్పుతుంది, ఆట నేర్పలేనిది ఏది అనే మూడు ప్రశ్నలను మీతో కలిసి విచారిస్తాను.

చేయి సిద్ధం కావాలి

ముందుగా శరీరం సంగతి. శిశువుకు తన దేహం మీద అదుపు ఒక క్రమంలో వస్తుంది. మొదట మెడ నిలుస్తుంది, పిమ్మట నడుము నిలుస్తుంది. భుజం మీద పట్టు చిక్కిన తరువాత మోచేయి, మణికట్టు, చివరకు వ్రేళ్ళ కొనలు స్వాధీనమవుతాయి. పెన్సిలు పట్టి, గీత దాటకుండా అక్షరం దిద్దడం ఈ క్రమంలో దాదాపు చివరి మెట్టు. ఆ మెట్టు ఎక్కడానికి ముందు వ్రేళ్ళకు బలం, మణికట్టుకు ఒడుపు, కంటికీ చేతికీ పొందిక కలగాలి. అవి కలుగకముందే పిల్లవానిని కాపీ పుస్తకం ముందు కూర్చోబెట్టి, అక్షరం వంకరపోయినదని మందలించడం, ఒక్కొక్కచోట వ్రేళ్ళమీద కొట్టడం కూడా ఇప్పటికీ వింటున్నాము. ఆ వంకర చాలా సందర్భాలలో బుద్ధిలోపం వల్ల వచ్చినది కాదు. చేయి ఇంకా సిద్ధం కానందువల్ల వచ్చినది. దెబ్బ చేతికి బలమివ్వదు. ఆట ఇస్తుంది.

అచ్చనగాయల ఆటను తీసుకోండి. అయిదు గులకరాళ్ళను నేలమీద చల్లి, ఒకదానిని పైకి ఎగురవేసి, అది దిగివచ్చేలోపల నేలమీది రాయిని ఏరుకొని, దిగివచ్చే రాయిని అదే చేతితో పట్టాలి. మొదట ఒక్కొక్కటి, తరువాత రెండేసి, చివరకు నాలుగూ ఒక్కసారే. ఒక్క క్షణకాలంలో కన్ను పైకి పోయిన రాయిని అనుసరిస్తుంది; వ్రేళ్ళు నేలమీది రాయిని తడిమి పడతాయి; ఎంత ఎత్తుకు విసిరితే ఎంత వ్యవధి దొరుకుతుందో భుజం లెక్కకట్టుకుంటుంది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు కలిసి చిన్న వస్తువును పట్టే ఆ పట్టే రేపు పెన్సిలును పట్టేది. గోలీని గురిచూసి కొట్టడంలోనూ, బొంగరానికి త్రాడు బిగువుగా చుట్టడంలోనూ, పూసలు, పూలు దారానికి గ్రుచ్చడంలోనూ ఇదే సాధన ఉన్నది.

ఇక తొక్కుడుబిళ్ళ. ఒంటికాలిమీద గెంతుతూ, గీత తొక్కకుండా, బిళ్ళను ఒక గడిలోనుండి మరొక గడిలోనికి జరపాలి. గెంతడం కంటె గెంతిన తరువాత తూలకుండా నిలవడం కష్టం. కాలి కండరాలు, చెవిలోపలి సమతౌల్య వ్యవస్థ, కన్ను ఈ మూడింటికీ అక్కడ పొందిక కుదరాలి. బిళ్ళను ఎంత బలంతో నెట్టాలో శరీరమే నేర్చుకుంటుంది. చెడుగుడులో కూతపెట్టి ఊపిరి నిలుపుకోవడం, ఖోఖోలో ఒక్కసారిగా దిశ మార్చి పరుగెత్తడం, ఏడుపెంకులాటలో గురి, పరుగు రెండింటినీ కలపడం, ఇవన్నీ పెద్ద కండరాలకు శిక్షణ. 5 నుండి 17 సంవత్సరాల వయస్సు గలవారికి సగటున రోజుకు 60 నిమిషాల పాటు ఊపిరి వేగం పెరిగేంత శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మన పిల్లలలో ఎందరికి ఆ గంట దక్కుతున్నదో ప్రతి ఇంటివారూ తమకు తాము లెక్క వేసుకోవచ్చు.

ఆలోచనకు అరుగు

ఆలోచనాశక్తి అన్నప్పుడు మనము సాధారణంగా జ్ఞాపకశక్తినే తలుస్తాము. మనోవిజ్ఞానవేత్తలు చదువుకు పునాదిగా మూడు సామర్థ్యాలను చెబుతారు. అవసరమైన సమాచారాన్ని మనసులో నిలిపి ఉంచుకొని దానితో పనిచేయడం మొదటిది. తొందరపాటును ఆపుకోవడం రెండవది. పరిస్థితి మారినప్పుడు ఆలోచనను మార్చుకోవడం మూడవది. పాఠం వినడానికీ, లెక్క చేయడానికీ, కోపం దిగమ్రింగడానికీ కూడా ఈ మూడే ఆధారం. వీటిని ఉపన్యాసంతో నేర్పలేము. సాధన కావాలి.

పులిజూదం ఆ సాధనకు చక్కని ఉదాహరణ. సుద్దముక్కతో గీసిన త్రిభుజాకారపు పటంలో 23 స్థానాలు. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదునైదు మేకలు. పులి మేకను దాటి దూకి చంపుతుంది. మేకలు పులులను కదలనీయకుండా కట్టడి చేయాలి. బలం ఒకవైపు, సంఖ్య మరొకవైపు. మేకలవాడు ఒక్కొక్క మేకను పటం మీద పెట్టేటప్పుడు "ఇది ఇక్కడ పెడితే పులి ఎటు దూకుతుంది?" అని ఎదుటివాని బుద్ధితో ఆలోచించాలి. తొందరపడితే మేక పోతుంది. ఏ ఒక్క మేకా పులిని ఆపలేదు; ఒకదాని వెనుక ఒకటి నిలిచినప్పుడే ఆపగలవు. తరువాత పక్షాలు మార్చి, మేకలవానికి పులులను ఇచ్చి ఆడించాలి. తాను అంతవరకు దేనిని కాపాడుకున్నాడో దానినే ఇప్పుడు వేటాడాలి. మూడవ సామర్థ్యానికి ఇంతకంటె సులభమైన పాఠం లేదు.

వామనగుంటలలో రెండు వరుసలు, వరుసకు ఏడేసి గుంటలు. గుంటకు నాలుగేసి చింతపిక్కలు పోస్తే మొత్తము 56; అయిదేసి పోస్తే 70. గుణకారం పటంమీదనే ఉన్నది. ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి, ఒక్కొక్కటిగా తరువాతి గుంటలలో వేసుకుంటూ పోవాలి. ఎక్కడ ఆగుతామో ముందుగా ఊహించగలిగినవారిదే పైచేయి. నియమాలు ఊరూరికీ కొంత మారుతాయి. అది లోపం కాదు, ఆట మొదలుపెట్టకముందే ఇద్దరూ కూర్చొని "ఏ లెక్కన ఆడదాము?" అని ఒప్పందానికి రావడం కూడా ఒక చదువే.

అష్టాచెమ్మా పై తరగతుల వారికి మరొక తలుపు తెరుస్తుంది. ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలను వేస్తే ఒక్కొక్కటి తెలుపుగానో నలుపుగానో పడుతుంది. అన్నీ కలిపి 16 విధాలు. అందులో రెండు తెలుపు, రెండు నలుపు పడేవి 6. నాలుగూ తెల్లగా పడి చెమ్మ అయ్యేది 1. నాలుగూ నల్లగా పడి అష్ట అయ్యేది 1. రెండు పందెం ఎందుకు అంత తరచుగా పడుతున్నదని పిల్లలు తప్పక అడుగుతారు. నూరుసార్లు వేసి పట్టిక వ్రాయమనండి. అరగదీసిన పిక్కలు రెండువైపులా సమంగా పడవు గనుక ఊహించిన లెక్కకూ, వచ్చిన లెక్కకూ కొంత తేడా ఉంటుంది. ఆ తేడా ఎందుకు వచ్చినదో వెదకడమే సంభావ్యత పాఠానికి నాంది.

ఆడించే తీరులో ఉన్నది విశేషం

ఇంతవరకు విన్నవారికి "అయితే పిల్లలను ఆటకు వదిలితే చదువు తనంత తానే వస్తుందన్నమాట" అని అనిపించవచ్చు. అది కూడా సరికాదు. ఇక్కడ రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూపుతాను.

అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే ఇద్దరు పరిశోధకులు పేద కుటుంబాల పసిపిల్లలతో ఒక ప్రయోగం చేసి 2008లో ప్రకటించారు. 1 నుండి 10 వరకు అంకెలు వరుసగా వ్రాసిన ఒక పటం మీద కాయను జరుపుతూ నడిచే ఆట అది. ఒక్కొక్క విడత 15, 20 నిమిషాలు. అటువంటివి నాలుగే విడతలు. అంకెల పటంతో ఆడిన పిల్లలకు లెక్కించడంలోను, ఏ సంఖ్య పెద్దదో చెప్పడంలోను స్పష్టమైన అభివృద్ధి కనిపించినది. అంకెలకు బదులు రంగులు మాత్రమే ఉన్న పటంతో ఆడినవారికి ఆ అభివృద్ధి రాలేదు.

రెండవది ఇంగ్లండులోనిది. అక్కడి 100 ప్రాథమిక పాఠశాలలలో తొమ్మిది, పది సంవత్సరాల పిల్లలకు చదరంగం నేర్పి గణితంలో ఏ మేలు జరిగినదో పరీక్షించారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఒక సంవత్సరం గడిచిన తరువాత చూస్తే, చదరంగం నేర్చినవారికీ నేర్వనివారికీ గణిత ప్రావీణ్యంలో తేడా కనబడలేదు.

చదరంగం గొప్ప ఆట కాదని దీని భావం కాదు. ఆట ఏ సాధన చేయిస్తుందో ఆ సాధనయే వృద్ధి పొందుతుంది. ఒక ఆటలోని తెలివి మరొక పాఠంలోనికి దానంతట అది నడిచి పోదు. నడిపించడానికి ఒక చేయి కావాలి. ఆ చేయి ఉపాధ్యాయునిది, తల్లిది, తండ్రిది, అమ్మమ్మది.

నడిపించడం అంటే పెద్ద పని కాదు. సీగ్లర్, రమణి ప్రయోగంలోనే ఒక సూక్ష్మం ఉన్నది. కాయను జరిపేటప్పుడు పిల్లలు ఆ గడిలో ఉన్న అంకెను పైకి చదవాలి. మన వైకుంఠపాళికి దీనిని అన్వయించుకోండి. పిల్లవాడు 23వ గడిలో ఉన్నాడు, నాలుగు పడినది. సాధారణంగా "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ జరుపుతాడు. అట్లా కాక "ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు" అని చదువుతూ జరపమనండి. అదే పటం, అదే కాయ. మారినది ఒక్క మాట. ఆ ఒక్క మాటతో కూడిక నోటికి వస్తుంది. నిచ్చెన ఎక్కినప్పుడు "ఎన్ని గడులు పైకి వచ్చావు?" అనీ, పాము మ్రింగినప్పుడు "ఎన్ని గడులు దిగావు?" అనీ అడిగితే తీసివేత కూడా వస్తుంది. పులిజూదం ముగిసిన తరువాత "ఏ ఎత్తు దగ్గర ఆట మారినది?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఆడిన ఆటను వెనుకకు త్రిప్పి చూచుకునే అలవాటు పట్టుబడుతుంది. ఒకటి రెండు ప్రశ్నలు చాలు. అంతకు మించితే ఆట పరీక్షగా మారిపోతుంది.

ఓడినవాడు మోయాలి

ఆట పరీక్షగా ఎందుకు మారకూడదు? నేడు మీతో ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

తరగతిలో పిల్లవాడు తప్పు చేస్తే మార్కు పోతుంది, నవ్వులు వినబడతాయి, కార్డు మీద ఎర్రగీత పడుతుంది. అందుచేత తెలిసినా చెప్పడానికి జంకుతాడు. ఆటలో తప్పు చేస్తే ఏమవుతుంది? వంతు పోతుంది. మరి కొంతసేపటికి మళ్ళీ వంతు వస్తుంది. అచ్చనగాయల ఆటలో ఒక సాయంకాలం చేయిజారే రాళ్ళెన్నో లెక్క ఉండదు. ఏ పిల్లా అన్ని తప్పులను నోటుపుస్తకంలో చేయదు, చేయనివ్వము. తప్పు చేసి, ఎవరూ చెప్పకుండానే తప్పని గ్రహించి, తనంత తాను దిద్దుకొని మళ్ళీ ప్రయత్నించడం అనే మహాభ్యాసానికి బాల్యంలో ఆటకు మించిన చోటు లేదు.

శ్రీమద్భాగవతం దశమ స్కంధంలో ఒక ఘట్టాన్ని స్మరించుకుందాం. గోపబాలకులు రెండు జట్లుగా విడిపోయి ఆడుకుంటారు. ఓడినవారు గెలిచినవారిని వీపున మోయాలని పందెం. శ్రీకృష్ణుని జట్టు ఓడిపోతుంది. జగద్భారాన్ని మోసే స్వామి, శ్రీదాముడనే గోపబాలుని వీపున ఎక్కించుకొని మోస్తాడు. ప్రలంబాసుర వధకు ముందరి సన్నివేశమిది. రాక్షసవధ అందరికీ గుర్తుంటుంది. దాని ముందున్న ఈ ఓటమి గుర్తుండదు. ఆట నియమానికి దేవుడు కూడా లోబడ్డాడు, ఓడినందుకు చిన్నబుచ్చుకోలేదు. మన పిల్లవాడు ఓడి వచ్చినప్పుడు "ఎందుకు ఓడావు?" అని గద్దించే ముందు ఈ ఘట్టాన్ని తలచుకుంటే చాలు.

కనుక ఆట పీరియడుకు మార్కులు వేయవద్దని ఉపాధ్యాయులకు మనవి. ప్రతి ఆటకు బహుమతి పెట్టవద్దని నిర్వాహకులకు మనవి. బహుమతి ఉన్నచోట బాగా ఆడేవారు ఆడతారు, తక్కినవారు చప్పట్లు కొడతారు. సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వారే గట్టుమీద కూర్చుంటారు.

గట్టుమీద కూర్చున్నవారు

గట్టుమీద కూర్చునేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలని వేరుగా చెప్పనవసరం లేదు. పన్నెండు, పదమూడు సంవత్సరాలు రాగానే "ఇక ఆ గెంతులేమిటి?" అని ఇంట్లో ఆంక్ష మొదలవుతుంది. ఎముకలు బలపడవలసిన వయస్సు అదే. ఆ వయస్సులో పరుగు మానిపించడం జీవితాంతం ఆమె మోయవలసిన బలహీనతకు దారితీయవచ్చు. తల్లులు ఈ విషయాన్ని శ్రద్ధగా ఆలోచించాలి.

రెండవవారు శారీరక వైకల్యం గల పిల్లలు. వారికి ఆట పెట్టడం కష్టమని మనమే నిర్ణయించి వారిని స్కోరు వ్రాయడానికి కూర్చోబెడతాము. చూపు మందగించిన పిల్లకు వామనగుంటలు చక్కగా సరిపోతాయి. గుంటనూ పిక్కనూ వ్రేళ్ళే చూస్తాయి. నడవలేని బాలుడు పులిజూదంలో బడి అంతటినీ ఓడించవచ్చు. ఆట మార్చడం పెద్దల పని. పిల్లవానిని మినహాయించడం పరిష్కారం కాదు.

"సెల్‌ఫోనులోనూ ఆటలే కదా, వాటితోనూ బుద్ధి పెరుగుతుంది కదా" అని కొందరు తండ్రులు అడుగుతారు. పులిజూదం ఫోనులోనూ ఉన్నది, కాదనను. కాని అద్దం మీద జారే వ్రేలికి రాయి బరువు తెలియదు. ఎదుటి ఆటగాని ముఖం కనబడదు. వంతు కోసం వేచి ఉండడం, తగవు వచ్చినప్పుడు తీర్చుకోవడం, ఓడినవానిని ఓదార్చడం, ఇవి మనిషి ఎదుట మనిషి కూర్చున్నప్పుడే అలవడతాయి.

చేయదగిన పని

దీనికి ఖర్చు లేదు. ఒక సుద్దముక్క, దోసెడు చింతపిక్కలు, అయిదు గులకరాళ్ళు చాలు. ఒక్క జాగ్రత్త చెబుతాను. పూర్వం వామనగుంటలకు గురివింద గింజలు వాడేవారు. అందమైనవే గాని వాటిలో విషమున్నది. పిల్లలు నమిలితే ప్రాణాపాయం. చింతపిక్కలే వాడండి. మూడు సంవత్సరాల లోపు పిల్లలకు ఏ గింజలూ అందనివ్వవద్దు, గొంతుకు అడ్డుపడతాయి.

పాఠశాలకు ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికి అవసరమైన ఆటవస్తువులు సమకూర్చాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతున్నది. 2020 జాతీయ విద్యావిధానం పసివారి చదువు ఆటల మీద ఆధారపడాలని చెప్పినది. కాబట్టి ఆట పీరియడును అడగడం తల్లిదండ్రుల గొంతెమ్మ కోరిక కాదు, పిల్లల హక్కు. స్థలం లేని బడిలో వరండామీద నాలుగు పటాలు రంగుతో గీయించండి. ఒకటి, రెండు తరగతులకు అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ, అంకెల పటం. మూడు నుండి అయిదు వరకు వామనగుంటలు, వైకుంఠపాళి, ఏడుపెంకులు. పై తరగతులకు పులిజూదం, అష్టాచెమ్మా, ఖోఖో, చెడుగుడు. ఇది కచ్చితమైన విభజన కాదు, ఆరంభానికి ఒక దారి.

ఇందులో దేవాలయానికీ పాత్ర ఉన్నది. హంపీలోని మంటపాల రాతినేల మీద చెక్కిన ఆట పటాలు నేటికీ కనబడతాయి. పూర్వులు మంటపంలో కూర్చొని ఆడుకోవడాన్ని అపచారంగా భావించలేదు. వైకుంఠ ఏకాదశి జాగరణలో పరమపద సోపాన పటం ఆడే ఆచారం మనకున్నదే. వారానికి ఒక సాయంకాలం, ఊళ్ళోని పెద్దమ్మలు, తాతయ్యలు ఇటువంటి మంటపంలో కూర్చొని తమకు తెలిసిన ఆటలను పిల్లలకు నేర్పితే రెండు మేళ్ళు జరుగుతాయి. పిల్లల చేతికి ఒడుపు వస్తుంది. వినేవారు లేక మౌనంగా ఉన్న పెద్దవారి నోట మాట వస్తుంది. ఆటల నియమాలు పుస్తకాలలో కంటె వారి వ్రేళ్ళలో భద్రంగా ఉన్నాయి. వారు ఉండగానే నేర్చుకోవాలి.

విజయదశమినాడు పలకమీద బియ్యం పోసి, పిల్లవాని వ్రేలు పట్టి మనము అక్షరం దిద్దిస్తాము. ఆ వ్రేలు ముందుగా రాయిని పట్టి, గోలీని కొట్టి, గింజను ఏరి సిద్ధమై ఉంటే అక్షరం హాయిగా నిలుస్తుంది. పిల్లలకు రోజుకు ఒక గంట ఆట మిగల్చండి. ఆ గంటలో కొద్దిసేపు మీరు కూడా వారి ఎదుట కూర్చోండి. ఓడితే నవ్వుతూ ఓడండి.

సెలవు. శుభం భూయాత్.